బడి పేరు

నానక్‌రామ్‌గూడ,
14 జులై 2025.

బిడ్డా ప్రశాంతీ,

మేము బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఇగ బాగులేనివి రాస్తాను.

నా చెవులు ఇంకా తగ్గాయి. ఫోనులో నీ మాట డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపిస్తుంది. ఏమన్నదని మీ బాపును అడిగితే "మంచిగనే ఉన్నదట" అని ఒక్క ముక్క చెప్పి పడుకుంటాడు. రాత్రంతా గేటు కాడ నిలబడి వచ్చిన మనిషిని ఎంతకని లేపి అడుగుతాను? అందుకే ఈ కాగితం. మీ చిన్నాయన కొడుకు రంగనాథ్ పాల బండి ఎట్లాగూ నిజాంపేటకు వస్తుంది. జవాబు వాడి చేతికే ఇవ్వు. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకొని చదువుకో.

నువ్వు చూసుకునే ఆ పెద్దమ్మగారిని లేపి కూర్చోబెట్టేటప్పుడు నీ నడుం జాగ్రత్త. లిఫ్టులో ఒక్కదానివే ఎక్కకు, మధ్యలో ఆగిపోతే నిన్ను ఎవరు చూస్తారు? వానలకు ఇక్కడ రోడ్డంతా తవ్వి పెట్టారు. నితీష్‌ను బడికి తీసుకుపోయేటప్పుడు ఏ గుంతలో కాలు పడుతుందోనని వాడి చెయ్యి వదలను. వాడేమో "నొస్తుంది అమ్మమ్మా" అంటాడు.

వాడి సంగతే రాద్దామని కూర్చున్నాను. రెండో తరగతికి కొత్త టీచరమ్మ వచ్చింది. పేరు రసజ్ఞ. ఆంధ్రా పిల్ల, మెత్తని మనిషి. ఆమె వచ్చినప్పటి నుంచి తరగతిలోనే పిల్లల పుట్టినరోజులు చేస్తున్నది. రంగు కాగితాలతో బుగ్గలు, అవే బెలూన్ల లెక్క కత్తిరించి గోడకు అంటించింది, ఒక్కో బుగ్గ మీద ఒక్కో పిల్లాడి పేరు, తారీఖు. ఆ రోజు ఆ పిల్లకు యూనిఫాం అక్కరలేదు, రంగు బట్టలు వేసుకొని పోవచ్చు. నెత్తిన కాగితపు కిరీటం పెట్టి, టీచరమ్మ కుర్చీలో కూర్చోబెట్టి, అందరూ పాట పాడతారు. మన పక్కింటి రాజమ్మ మనవరాలు పింకీకి మొన్ననే అయింది. పింకీ ఇచ్చిన చాక్లెట్ కాగితం వీడు ఇంకా పారేయలేదు, దిండు కింద దాచుకున్నాడు.

"అమ్మమ్మా, నా బుగ్గ మీద నవంబర్ ఇరవై ఒకటి అని ఉన్నది. ఇంకెన్ని దినాలు?" పొద్దున లేస్తే ఇదే అడుగుడు.

అది ఎవరి తారీఖో నీకు నేను చెప్పాలా బిడ్డా? వీడు కడుపులో ఉండగానే మీ ఆయన ఇల్లు విడిచి పోయాడు. వీడు ఈ గదిలోనే పుట్టాడు, కాగితం చేయించేవాళ్ళు లేరు. బడిలో వేసేనాడు పుట్టిన సర్టిఫికెట్ కావాలంటే, పెద్దోడిది పెట్టెలో ఉన్నది కదా అని అందరం అనుకొనే అది ఇచ్చాము. పోయినోడి పేరు, పోయినోడి తారీఖు. ఎవరి పిల్లలకైనా ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండేదే కదా. వీడికీ అంతే తెలుసు. ఇంట్లో నితీష్, బడిలో ఆకాష్. తనకు ముందు ఒక అన్న పుట్టి పోయాడని వాడికి మనం ఎన్నడూ చెప్పలేదు.

పేరు పెట్టి పిలిస్తే ఇన్నాళ్ళూ ఊరుకున్నాము. కాని పోయినోడు పుట్టిన దినాన బతికున్నోడి నెత్తిన కిరీటం పెట్టవచ్చునా? నాకు అన్నం సయించడం లేదు. ఏం చేయాలో రాయి.

అన్నీ ఫికర్లే రాశాను. గ్యాసు వచ్చింది. మీ బాపు దగ్గు తగ్గింది. ఇవి మంచి మాటలు.

మీ అమ్మ,
రుక్కమ్మ


నిజాంపేట,
20 జులై 2025.

అమ్మా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. నేను చదువుతుంటే వీరలక్ష్మి గారు మంచం మీద నుంచి చూసి, "ఏమ్మా ప్రశాంతీ, ఈ కాలంలో కూడా ఉత్తరాలు రాసే మగాడెవడమ్మా?" అన్నారు. మా అమ్మండీ అన్నాను. "అయితే ఏడుస్తావెందుకూ?" అన్నారు. ఉల్లిపాయలండీ అన్నాను.

ఆవిడ మంచిదే. పక్క మార్చేటప్పుడు నొప్పికి తిడతారు, తర్వాత బిస్కెట్టు ఇస్తారు. నా నడుం గురించి, లిఫ్టు గురించి దిగులు పడకు.

ఆ రోజు నితీష్‌ను బడికి పంపకు. జ్వరమని చెప్పు. ఇందులో అనుకోవడానికేమీ లేదు. ఏటా ఆ రోజు నేను ముద్ద ముట్టనని నీకు తెలుసు. ఆకాష్ ఒక్క పుట్టినరోజు కూడా చూడలేదు. ఏడాది నిండుతుందని కుట్టించిన పసుపు చొక్కా తొడిగి మట్టిలో పెట్టింది నువ్వే కదమ్మా. ఆ తారీఖున కేరింతలు కొడితే నేను తట్టుకోలేను.

టీచర్‌కు మాత్రం అసలు సంగతి చెప్పకు. కాగితం ఇంకొక పిల్లాడిదని తెలిస్తే వీణ్ణి బడిలోంచి తీసేస్తారేమో. నేను ఇక్కడ పడి ఉన్నది వాడి చదువు కోసమే.

మంచి నెయ్యి రంగనాథ్ చేత పంపాను. వాడికి పెట్టు, నువ్వూ తిను.

ప్రశాంతి


నానక్‌రామ్‌గూడ,
3 నవంబర్ 2025.

బిడ్డా,

ఆలస్యంగా రాస్తున్నానని కోపం చేసుకోకు. మోకాళ్ళు పట్టేశాయి. దవాఖానలో గోలీలు ఇచ్చారు, అవి వేసుకుంటే కడుపులో మంట. కడుపులో మంట దేనికి మొదలో ఎవరికి తెలుసు, అందుకని మానేశాను.

రాఖీ పున్నమి తెల్లారి నితీష్ పుట్టినరోజు ఇంట్లోనే చేశానని మీ బాపు ఫోనులో చెప్పే ఉంటాడు. తలకు నూనె పెట్టి, సేమియా చేసి, మీ బాపు తెచ్చిన ఎర్ర గళ్ళ చొక్కా తొడిగాను. వాడు గిన్నెలో సేమియా కెలుకుతూ, "పాట లేదు, కిరీటం లేదు. గిది పుట్టినరోజెట్లయితది?" అన్నాడు.

నువ్వు జ్వరమని చెప్పమన్నావు. నా నోటితో ఆ మాట అనలేను బిడ్డా. పెద్దోడిని తీసుకుపోయింది జ్వరమే. ఉత్తుత్తి జ్వరమని అన్నా అది వింటుంది, వస్తుంది. ఇదంతా ఎందుకని, పోయి టీచరమ్మకే ఒక మాట చెబుదామనుకున్నాను. తోడుగా రాజమ్మను తీసుకుపోయాను, నాకు వినపడనివి ఆమె చెబుతుందని.

పిల్లలు పోయేదాకా నిలబడి, "మా పిలగానికి పుట్టినరోజు చేయకుండ్రి టీచరమ్మా" అన్నాను.

ఎందుకని ఆమె అడిగింది. ఎందుకో చెప్పవద్దని నువ్వు రాశావు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల నా తెగిన చెప్పులు చూసింది, రాజమ్మ చీర చూసింది. ఆమె కళ్ళు తడి అయ్యాయి. నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అన్నది. "అయ్యో అమ్మమ్మగారూ, చాక్లెట్ల కోసం మీరేం ఇబ్బంది పడకండి. ఆకాష్‌కి అన్నీ నేనే తెస్తానండి. ఈసారి కేకు కూడా తెస్తాను. మీరు పంపించండి, చాలు."

వద్దు వద్దని చెయ్యి ఊపాను. మొహమాటమనుకొని నా చెయ్యి పట్టుకొని నవ్వింది. ఇంతవరకు ఆ తరగతిలో ఎవరికీ కేకు కోయలేదట బిడ్డా. దారి పొడుగునా రాజమ్మ ఒకటే నవ్వు. "శాన తెలివిగల్లదానివే రుక్కమ్మా! చాక్లెట్లు వద్దని చెప్పవోయి కేకు అడుక్కొచ్చినవ్!"

ఏం చేయమంటావు? ఆ సంగతి వాడికి కూడా తెలిసింది. ఇప్పుడు రోజూ నిద్రలో నవ్వుతున్నాడు. నిద్రలో నవ్వడం మంచిదో కాదో నాకు తెలియదు.

మీ అమ్మ


నిజాంపేట,
8 నవంబర్ 2025.

అమ్మా,

కేకా?

నేను రాసింది ఏమిటి, నువ్వు చేసింది ఏమిటి? ఇంట్లో ఉంచమన్నాను. అంతే కదా అడిగింది. నువ్వు పోయి ఇల్లు గడవనట్టు చేతులు కట్టుకొని నిలబడి కేకు తెప్పించావు. రేపు ఆ టీచర్ ముందు నేను ఏ మొహంతో నిలబడతాను?

నీకు వాడి ముచ్చట కావాలి. వద్దంటున్నట్టు నటిస్తూ జరిపించుకోవాలని చూస్తున్నావు. పోయినోడు నీకు పోయినోడే అమ్మా. నాకు కాదు.

నేనే వచ్చి వాణ్ణి పట్టుకొని కూర్చుందామని ఆ రోజు సెలవు అడిగాను. వీరలక్ష్మి గారి అబ్బాయి చైతన్య గారికి ఆఫీసులో ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారట, కుదరదన్నారు. టీచర్‌కు ఫోను చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. ఏమని చెప్పాలి?

ఇరవై ఒకటిన వాడు గడప దాటకూడదు. ఈ ఒక్కటి చెయ్యి.

ప్రశాంతి


నానక్‌రామ్‌గూడ,
22 నవంబర్ 2025.

బిడ్డా,

నువ్వు తిట్టినది చదివాను. తిట్టు. నేను నటించలేదు. నాకు నటించడం వస్తే టీచరమ్మ ముందు ఏదో ఒక అబద్ధం చెప్పి బయటపడేదాన్ని.

నిన్న ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున్నే వాడి యూనిఫాం సర్ఫ్ నీళ్ళలో నానబెట్టాను. తడి బట్టలతో ఎట్లా పోతాడులే అనుకున్నాను. పుట్టినరోజు పిల్లకు యూనిఫాం అక్కరలేదన్న సంగతి నీకు రాసింది నేనే, మరిచిపోయింది నేనే. వాడు గడప మీద కూర్చున్నాడు. ఇంతలో నీళ్ళ ట్యాంకర్ వచ్చిందంటే బిందెలు పట్టుకొని లైన్లో నిలబడ్డాను. ముందు ఒకామె, వెనక ఒకామె కొట్లాడుకొని నా బిందె సొట్ట చేశారు. తిరిగి వచ్చేసరికి గడప మీద వాడు లేడు.

మీ బాపు డ్యూటీ దిగి వచ్చి, ఆ ఎర్ర గళ్ళ చొక్కా తొడిగి, సైకిలు మీద కూర్చోబెట్టుకొని బడిలో దింపి వచ్చాడు. దారిలో చాక్లెట్ల ప్యాకెట్టు కూడా కొనిచ్చాడట. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"బిడ్డ వద్దన్నది కాదయ్యా! నీకేమన్న బుద్ధున్నదా?"

"నీ చెవులు వోయినయ్ గని నోరు వోలే" అన్నాడు. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "పోరడు గడప మీద కూసోని ఏడుస్తుంటే నీకినవడదు రుక్కమ్మా. నాకినవడ్తది" అన్నాడు.

ఆయన మీద కోపం పెట్టుకోకు.

సాయంత్రం వాడు కిరీటం పెట్టుకొనే వచ్చాడు. బంగారు రంగు కాగితం, దాని మీద మెరుపుల అక్షరాలతో ఆకాష్ అని రాసి ఉంది. బజారులో అందరూ చూశారు, ఎంతమంది కళ్ళు పడ్డాయో. వాడు లోపలికి వచ్చి ముందు ఏమడిగాడంటే, "అమ్మమ్మా, కేకు మీద ఎనిమిది అంకె పెట్టిండ్రు. నాకు ఆరే అంటవు గదా నువ్వు?"

"బడి లెక్క వేరు, ఇంటి లెక్క వేరురా" అన్నాను.

"మరి కడమ రెండేండ్లు నేనేడున్న?"

ఉప్పు, మిరపకాయలు తీసి వాడికి దిష్టి తిప్పాను. తిప్పిన చేత్తోనే ఆ కిరీటం లాగి నీళ్ళ పొయ్యిలో పెట్టాను. పోయినోడి పేరు వీడి నెత్తిన రాత్రంతా ఉండకూడదనుకున్నాను, అంతే. మెరుపులు పచ్చగా మండాయి. వాడు అరిచాడు. నాకు వాడి నోరు కనిపించింది, అరుపు వినపడలేదు.

ఈ పొద్దు ఒళ్ళు పట్టి చూశాను, జ్వరం లేదు. నాతో మాట్లాడటం లేదు.

మీ అమ్మ


నిజాంపేట,
23 నవంబర్ 2025.

అమ్మా,

రంగనాథ్ బండి రిపేరుకు పోయిందట, రెండు రోజులుగా రాలేదు. నువ్వు రాసి ఉంటే అది నాకింకా అందలేదు. దాని కోసం ఆగలేక నేనే రాస్తున్నాను.

మొన్న టీచర్ నా ఫోనుకు వీడియో పంపింది. ఆమె పేరు చూడగానే అర్థమైంది, మీరు వాణ్ణి బడికి పంపారని. ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి చూశాను.

అమ్మా, తరగతి నిండా పిల్లలు, అందరూ వాడి పేరు పెట్టి పాడారు. ఆకాష్, ఆకాష్ అని. ఎంత గట్టిగా పాడారో. నీళ్ళ చప్పుడులో కూడా వినిపించింది. వాడు నితీషే, నాకు తెలుసు, నా పిచ్చి అంత ముదరలేదు. కాని ఆ పాట ఆకాష్‌ది. నా పెద్దకొడుక్కి పుట్టినరోజు జరిగింది. ఏడుస్తూనే ఇంకోసారి చూశాను, మళ్ళీ చూశాను. వీరలక్ష్మి గారు, "నీళ్ళు పోతున్నాయే" అని అరిచేదాకా చూస్తూనే ఉన్నాను.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి ఉంది. వాణ్ణి మట్టిలో పెట్టిన చోట ఇప్పుడు అద్దాల మేడ ఉంది. గోడ బయట నిలబడితే గార్డు పొమ్మంటాడు. వాడి పేరు పలికే చోటు ఎక్కడా లేదు. అందుకే రోజూ పొద్దున, బడిలో హాజరు పిలిచే వేళకు నేను ఏ పనిలో ఉన్నా ఒక్క క్షణం ఆగుతాను. ఇప్పుడు ఆకాష్ అని పిలుస్తారు, ప్రెజెంట్ టీచర్ అని ఎవరో పలుకుతారు అనుకుంటాను. ఆ తర్వాత గిన్నెలు తోముకుంటాను. ఇన్నాళ్ళూ నేను దాని మీద బతికాను.

నిన్ను అన్న మాటలు మరిచిపో. బాపుకు చెప్పు, మంచి పని చేశాడని.

ఆ కిరీటం దాచిపెట్టు. నితీష్ చింపకుండా చూడు. నెలాఖరు ఆదివారం సెలవు ఇస్తామన్నారు, వచ్చి తీసుకుంటాను. వాడిదని దాచుకోవడానికి నా దగ్గర చొక్కా కూడా లేదు కదా.

నీ బిడ్డ,
ప్రశాంతి


నానక్‌రామ్‌గూడ,
28 నవంబర్ 2025.

బిడ్డా ప్రశాంతీ,

నువ్వు బయలుదేరే లోపే ఈ కాగితం నీ చేతిలో పెట్టమని రంగనాథ్‌తో ఒట్టు వేయించుకున్నాను. ఇక్కడికి వచ్చి నా మొహం చూశాక తెలుసుకోవడం కన్నా ముందే తెలియడం మంచిది.

ఇరవై రెండున నేను రాసినది ఈ పాటికి చదివి ఉంటావు. కిరీటం లేదు. నీ ఉత్తరం వచ్చాక పొయ్యిలో బూడిద కెలికాను. ఏదైనా ముక్క ఉంటుందేమోనని. మీ బాపు చూసి పక్కన కూర్చున్నాడు.

నిన్నటికి ముందు రోజు నితీష్‌ను తీసుకొని టీచరమ్మ దగ్గరకు పోయాను. నీకు చెప్పకుండానే పోయాను. ఇంకొక కిరీటం చేసి, దాని మీద ఆ పేరే రాసి ఇమ్మని అడిగాను. "అలాగేనండి, పాతది చిరిగిపోయిందా? ఆకాషే చేసుకుంటాడు, వాడికి రంగులిస్తాను" అన్నది. ఆ మాటతో నా నోరు ఆగలేదు బిడ్డా.

"వీడు ఆకాష్ కాదు టీచరమ్మా. ఆకాష్ వీని అన్న. వాడు లేడు."

అంతా చెప్పేశాను. కాగితం సంగతి, జ్వరం సంగతి, పసుపు చొక్కా సంగతి. నితీష్ నా కొంగు పట్టుకొని పక్కనే ఉన్నాడని తెలుసు. అయినా చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియలేదు.

ఆ పిల్ల ఏడ్చింది. వాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నది. బడి నుంచి తీసేయరు, భయపడకు. పెద్దసారు ముందు కోప్పడ్డాడు, తర్వాత ఎవరెవరి సంతకాలు తేవాలో మీ బాపుకు ఫోనులో చెప్పాడు. వయసు చాలదని వచ్చే ఏడు మళ్ళీ రెండో తరగతే చదవాలట. పింకీ పైకి పోతుంది, వీడు ఉండిపోతాడు.

టీచరమ్మ మంచి చేస్తున్నాననుకొనే చేసింది. "ఇంతకాలం వాడి పేరు వాడికి లేకుండా చేశామండీ" అని, నా ముందే కుర్చీ ఎక్కి గోడ మీద ఆకాష్ బుగ్గ తీసేసింది. అక్కడ నితీష్ అని కొత్త బుగ్గ అంటించింది. ఆగస్టు నెల రాసింది. అది ఈ ఏడు అయిపోయింది కదా. హాజరులో కూడా రేపటి నుంచి వాడి సొంత పేరే పిలుస్తానని చెప్పింది. పెద్దసారు కూడా అట్లాగే అన్నాడట. నేను వద్దని చెయ్యి ఊపాను. ఆమె మళ్ళీ మొహమాటమనుకున్నది.

నువ్వు ఏ క్షణం కోసం రోజూ ఆగేదానివో అది నేనే పోగొట్టాను. కిరీటం తెద్దామని పోయి పేరే తీయించి వచ్చాను. తీసిన బుగ్గ అడిగి తెచ్చుకున్నాను. నీలం కాగితం, పేరు చక్కగా ఉన్నది, ఒక మూల అంటు ఊడి కొద్దిగా చిరిగింది. బియ్యం డబ్బాలో పెట్టాను, ఎలుకలు ముట్టవు. నువ్వు వచ్చినప్పుడు ఇస్తాను.

నితీష్ ఇంటికి వచ్చాక మీ బాపును అడిగాడట. "ఆ రెండేండ్లు గా అన్నవేనా తాతా?" అవునని చెప్పాడట. వాడు తలూపి అన్నం తిన్నాడు.

నిన్న బడిలో జరిగింది పింకీ వచ్చి రాజమ్మకు చెప్పింది. రాజమ్మ నా చెవిలో చెప్పింది. టీచరమ్మ హాజరు పిలుస్తూ, అలవాటు కొద్దీ పాత పేరే పిలిచిందట. ఆకాష్ అని. పిలిచి నాలుక కరుచుకున్నది. పిల్లలందరూ వీడి వైపు చూశారు. వీడు ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడట.

"ఆకాష్ రాలే టీచర్" అన్నాడట.

అని కూర్చున్నాడట.

ఆదివారం పదిలంగా రా బిడ్డా. ఆటోలో చివర కూర్చోకు.

మీ అమ్మ,
రుక్కమ్మ